వాడని కరెంటుకు బిల్లు ఎందుకు? మినిమమ్ చార్జీల నూరేళ్ల చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను గోల్కొండ గురించో చార్మినార్ గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటిని గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకొన్నది కరెంటు బిల్లు. దానికీ ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలియక నేను ఒక ఆడకూతురి చేత మాట పడ్డాను. నాలాగా మరొకరు పడకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మనలో చాలామంది దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ వైపు ప్లాటు కొనుక్కొని, అప్పు చేసి ఇల్లు కట్టుకొన్నవాళ్లమే. రోడ్డు వైపు ఒకటో రెండో షట్టర్లు వేసి, ఆ అద్దె పెన్షనుకు తోడుగా ఉంటుందని ఆశించినవాళ్లమే. మా ఇంటికీ అటువంటి షట్టరు ఒకటి ఉన్నది. మొదట అందులో ఎస్.టి.డి. బూత్ నడిచింది. తరువాత ఒక కుర్రవాడు ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. కంప్యూటర్లకు, ఏ.సి.కి చాలదని లోడు 8 కిలోవాట్లకు పెంచమన్నాడు. దరఖాస్తు మీద సంతకం పెట్టినది ఇంటి యజమానిగా నేనే. కొన్నేళ్లకు అతడు ఖాళీ చేశాడు. తరువాత పుస్తకాల దుకాణం వచ్చింది, 2020 మార్చి లాక్‌డౌన్‌తో అదీ మూతపడ్డది. 2021 ఫిబ్రవరిలో ఒక అమ్మాయి గాజులు, మ్యాచింగ్ బ్లౌజు పీసుల దుకాణం పెట్టుకొన్నది.

2022 మే నెలలో ఆ అమ్మాయి బిల్లు పట్టుకొని మెట్లెక్కి వచ్చింది.

"సార్, రెండు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్యాను, అంతే గదా. నలభై యూనిట్లు గూడ దాటలే. మరి ఈ 480 రూపాయలు వేరేగా దేనికేసిండ్రు? మీ బోరు మోటరేమన్న మా మీటరుకు కలిపిండ్రా?"

ముప్పై మూడేళ్లు సర్కారీ దఫ్తరులో బిల్లులు పాసు చేసిన చేతులివి. ఒక్క రూపాయి తేడా వచ్చినా కాగితం వెనక్కు పంపిన ఘనత మాది. అటువంటి నాకు ఆ 480 రూపాయలు ఏమిటో చెప్పడం చేతకాలేదు. "కనుక్కొని చెప్తానమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదని ముఖంలోనే తెలిసింది. ఆ రాత్రి పాత బిల్లులన్నీ ముందు వేసుకొని కూర్చున్నాను.

వంటవాని లెక్క

ఈ సంగతి అర్థం కావడానికి పెళ్లి వంట గుర్తు తెచ్చుకోండి. వంటవానికి మూడు వందల విస్తళ్లని చెప్తాము. ఆ రోజున రెండు వందల మందే వస్తారు. తిన్నవారికే లెక్క కడతానంటే అతడు ఒప్పుకోడు. కూరలు తరిగింది, మనుషులను పిలిచింది, గుండిగలు తెచ్చింది మూడు వందలకు. అందుకే ముందుగానే "ఇన్ని ప్లేట్లకు తక్కువ కాకుండా" అని మాట తీసుకొంటాడు.

కరెంటు సంగతీ అంతే. బియ్యం మాదిరిగా బస్తాలకెత్తి గోదాములో దాచి పెట్టుకొనేది కాదు. మనం స్విచ్చి వేసిన క్షణంలోనే ఎక్కడో తయారు కావాలి. సాయంత్రం ఏడు గంటలకు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలన్నీ ఒక్కసారిగా దీపాలు వేస్తే, ఆ గంటకు సరిపడా విద్యుత్ కేంద్రం, తీగలు, సబ్‌స్టేషను, ట్రాన్స్‌ఫార్మరు సిద్ధంగా ఉండాలి. మిగిలిన వేళల్లో అవి సగం ఖాళీగా ఉన్నా వాటికి పెట్టిన అప్పు మీద వడ్డీ, సిబ్బంది జీతాలు ఆగవు.

ఈ మాటను మొట్టమొదట లెక్క ప్రకారం చెప్పినవారిలో ముఖ్యుడు జాన్ హాప్కిన్సన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. 1892లో చేసిన ఒక ప్రసంగంలో, విద్యుత్ సరఫరా ఖర్చు రెండు రకాలని ఆయన వివరించాడు. ఒకటి సిద్ధంగా ఉండటానికి అయ్యే ఖర్చు, రెండవది నిజంగా సరఫరా చేసినందుకు అయ్యే ఖర్చు. కాబట్టి బిల్లు కూడా రెండు భాగాలుగా ఉండాలన్నాడు. బ్రైటన్ పట్టణంలో ఆర్థర్ రైట్ అనే ఇంజనీరు, వినియోగదారు ఒక్కసారిగా అత్యధికంగా ఎంత లాగాడో చూపించే పరికరాన్ని తయారు చేశాడు. 1894లో అమెరికా నుంచి వెళ్లిన శామ్యూల్ ఇన్సల్ ఆ పద్ధతిని అక్కడ చూసి, తరువాత చికాగోలో ప్రవేశపెట్టాడు. ఈనాడు మన బిల్లులో కనిపించే "డిమాండ్" అనే మాటకు పుట్టినిల్లు అదే.

1910 చట్టం, హుస్సేన్‌సాగర్ పొగగొట్టాలు

కలకత్తాలో 1899లో కంపెనీ కరెంటు సరఫరా మొదలయ్యాక, దేశం మొత్తానికి ఒక చట్టం అవసరమైంది. 1910లో భారత విద్యుత్ చట్టం వచ్చింది. అందులోని 22వ సెక్షన్‌ను మన బిల్లుకు మూల పురుషుడని చెప్పవచ్చు. సరఫరా ప్రాంతంలోని ఎవరైనా ఇతరులతో సమానమైన షరతులపై కరెంటు అడగవచ్చునని ఆ సెక్షన్ హక్కు ఇచ్చింది. దానికే ఒక షరతు తగిలించింది. ఆ చోటికి పట్టే అత్యధిక డిమాండును తీర్చడానికి కంపెనీ పెట్టిన పెట్టుబడిపై న్యాయమైన ప్రతిఫలం, ఇతర స్థిర ఖర్చులు వచ్చేటట్లుగా, సంవత్సరానికి ఒక కనీస మొత్తం కట్టడానికి ఒప్పుకోవాలి. ఆ మొత్తంపై తగాదా వస్తే మధ్యవర్తి తేల్చాలి.

ఇది శిక్ష కాదని గమనించగలరు. కంపెనీ నాకు కరెంటు ఇవ్వను అనడానికి వీల్లేదు. నేను తీగ వేయించుకొని ఏమీ కట్టను అనడానికీ వీల్లేదు. ఇది రెండు వైపులా కట్టిన ముడి.

నిజాం రాజ్యం అప్పట్లో బ్రిటిషు ఇండియా చట్టాల క్రింద నేరుగా లేదు. అయినా హైదరాబాదు కరెంటుకు వెనుకబడలేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం నెలకొన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సెక్రటేరియట్ వైపు పోతూ ఆ పొగగొట్టాలను చూసేవాణ్ణి. ఈనాడు ఆ కేంద్రం లేదు. ఆ చోట ఎన్.టి.ఆర్. గార్డెన్స్, ప్రసాద్స్ సినిమా హాళ్లు ఉన్నవి. మనవలను తీసుకొని అక్కడికి వెళ్లే మిత్రులు, నగరానికి వెలుగిచ్చిన నేల మీద నడుస్తున్నామని పిల్లలకు చెప్పగలరు.

స్వాతంత్ర్యం తరువాత 1948లో విద్యుత్ సరఫరా చట్టం వచ్చి, రాష్ట్రాలకు బోర్డులు ఏర్పడటానికి దారి తీసింది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న మొదలయింది. రేట్లు, షరతులు నిర్ణయించే అధికారం 49వ సెక్షన్ క్రింద బోర్డుకే ఉండేది.

కోర్టులు ఏమన్నవి

"వాడని దానికి కట్టడం న్యాయమా?" అనే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ జవాబు వచ్చిందని తెలిసి నేను ఆశ్చర్యపడ్డాను.

మొదటిది హర్యానాకు సంబంధించిన నార్తర్న్ ఇండియా ఐరన్ అండ్ స్టీల్ కేసు. బోర్డు కరెంటు కోతలు విధించి, డిమాండ్ చార్జి మాత్రం పూర్తిగా అడిగింది. డిమాండ్ చార్జి పద్ధతి తప్పు కాదని కోర్టు చెప్పింది. అయితే టారిఫ్ షరతు ప్రకారం, బోర్డు సరఫరా చేయలేకపోయిన మేరకు ఆ చార్జి తగ్గించవలసిందేనని తీర్పు ఇచ్చింది.

రెండవది బీహార్ బోర్డుకూ గ్రీన్ రబ్బర్ ఇండస్ట్రీస్ అనే కారఖానాకూ జరిగిన కేసు. అది 1990 నాటి తీర్పుల సంపుటాలలో అచ్చయింది. సరఫరా సిద్ధంగా ఉంచడానికి బోర్డుకు ఖర్చు అవుతుంది కాబట్టి, వాడినా వాడకపోయినా కనీస హామీ మొత్తం కట్టాలనే షరతు సమంజసమేనని అందులో కోర్టు నిర్ణయించింది.

మూడవది మన ఊరిదే. 1998లో హైదరాబాద్ వనస్పతి కంపెనీ కేసులో, బోర్డు ప్రకటించిన సరఫరా షరతులు చట్టబలం కలవని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మనం సంతకం పెట్టే ఒప్పందం వెనుక శాసనం నిలబడి ఉన్నదన్నమాట. నాలాగా చదవకుండా సంతకం పెట్టేవారు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

పొలాల నుంచి షట్టర్లకు

దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే ఆసామి తన పొలాలను ప్లాట్లు చేయగా ఆ పేరు మీదనే దిల్‌సుఖ్‌నగర్ వెలిసిందని పెద్దలు చెప్తారు. ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు. 1986లో గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ వచ్చింది. వేసవిలో మామిడి లారీలు వస్తే ఆ రోడ్డు మీద నడవడానికి సందు ఉండేది కాదు. తరువాత కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, బట్టల దుకాణాలు వచ్చినవి. 2007లో ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో నడిచింది.

దీనికీ కరెంటు బిల్లుకూ సంబంధమేమని మీరు అడగవచ్చు. వ్యాపారాలు మారినంత తొందరగా కాగితాల మీద లోడు మారదు. ఏ.సి. షోరూం పోయి కిరాణా కొట్టు వస్తుంది, లోడు షోరూందే ఉంటుంది. పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారం వైపు తరలిపోయింది. దానిని నమ్ముకొన్న దుకాణదారుకు బేరం పోయినా, ఒప్పందం రద్దు చేసుకొంటే తప్ప స్థిర చార్జి పోదు.

బోర్డు పోయి కమిషన్ వచ్చింది

1998 నాటి రాష్ట్ర సంస్కరణల చట్టం ప్రకారం 1999లో బోర్డు విడిపోయింది. అదే సంవత్సరం విద్యుత్ నియంత్రణ కమిషన్ ఏర్పడింది. 2000లో పంపిణీ కంపెనీలు వచ్చినవి. అదే సంవత్సరం చార్జీల పెంపు మీద పెద్ద ఉద్యమం జరిగింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. బిల్లు మీద అంకె వెనుక ఎంత బాధ ఉంటుందో ఆనాడు రాష్ట్రమంతా చూసింది.

2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చి 1910, 1948 చట్టాలను రద్దు చేసింది. అయినా పాత సూత్రం పోలేదు. 45వ సెక్షన్‌లో, వాడిన కరెంటు చార్జీతో పాటు స్థిర చార్జి కూడా వసూలు చేయవచ్చునని వ్రాశారు. ఒక మేలు మాత్రం జరిగింది. రేట్లు పెంచే ముందు కమిషన్ ప్రజల అభ్యంతరాలు వినాలి. 42వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉండాలి. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణకు తన కమిషన్ వచ్చింది.

బిల్లు చదివే విధానం

ఇక ఆ 480 రూపాయలు. చిన్న దుకాణం బిల్లులో మూడు సంగతులు వేరువేరుగా చూడాలి.

మొదటిది ఎనర్జీ చార్జి. మీటరు తిరిగిన యూనిట్లకు కట్టేది.

రెండవది ఫిక్స్‌డ్ చార్జి. ఒప్పంద లోడులో ఒక్కొక్క కిలోవాటుకు ఇంత అని నెలనెలా వేసేది. మీటరు కదలకపోయినా ఇది ఆగదు.

మూడవది మినిమమ్ చార్జి. ఇంతకన్నా తగ్గరాదనే అడుగు మొత్తం. 2018-19 ఉత్తర్వులో వాణిజ్య కనెక్షన్లకు ఇది సింగిల్ ఫేజుకు నెలకు 65 రూపాయలు, త్రీ ఫేజుకు 200 రూపాయలు.

2018-19 ఉత్తర్వు ప్రకారం నెలకు 50 యూనిట్ల లోపు వాడే వాణిజ్య కనెక్షనుకు ఫిక్స్‌డ్ చార్జి కిలోవాటుకు 50 రూపాయలు, యూనిటుకు 6 రూపాయలు. 2022-23 ఉత్తర్వులో అవి 60 రూపాయలు, 7 రూపాయలు అయినవి. మా షట్టరు ఒప్పంద లోడు 8 కిలోవాట్లు. ఎనిమిది అరవైలు 480. ఆ అమ్మాయి కాల్చిన నలభై యూనిట్లకు 280 రూపాయలు. అంటే వాడినదానికన్నా వాడనిదానికే ఎక్కువ కడుతున్నది. ఎప్పుడో వెళ్లిపోయిన ఇంటర్నెట్ కుర్రవాని ఏ.సి.కి, కంప్యూటర్లకు ఈ గాజుల అమ్మాయి కిరాయి కడుతున్నదన్నమాట.

పెద్ద షోరూములు, ఫంక్షన్ హాళ్ల వంటి హెచ్.టి. కనెక్షన్లకు లెక్క వేరు. అక్కడ కొలత కె.వి.ఎ. నెలలో నమోదైన అత్యధిక డిమాండు, ఒప్పంద డిమాండులో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ చార్జి వేస్తారు. ఉదాహరణకు ఒప్పందం 200 కె.వి.ఎ., నమోదైనది 90 అనుకొందాం. బిల్లు 160కి పడుతుంది. 2022-23లో 11 కె.వి. రేటు కె.వి.ఎ.కు 475 రూపాయలు. అంటే 76,000 రూపాయలు. తొంభైకి అయితే 42,750 రూపాయలే. పిల్లల వ్యాపారానికి హామీ సంతకం పెట్టే మిత్రులు ఈ 33,250 రూపాయల తేడాను ముందుగానే చూసుకోవాలి.

ఇళ్లకు కూడా 2022-23 నుంచి కిలోవాటుకు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జి వచ్చింది. మొత్తం చిన్నదే కాని సూత్రం అదే. ఈ రేట్లు ఆయా సంవత్సరాల ఉత్తర్వులవి. మీ బిల్లుకు ఆ యేటి ఉత్తర్వునే చూసుకోవలెను.

తరువాత జరిగినది

మరునాడు నేనే క్రిందికి దిగి వెళ్లి ఆ అమ్మాయికి బిల్లు చదివి చెప్పాను. తప్పు మీటరుది కాదు, కరెంటు వారిది కాదు, నాది. లోడు పెంచమని సంతకం పెట్టిన నేను, తగ్గించమని ఒక కాగితం పెట్టలేదు. లోడు 2 కిలోవాట్లకు తగ్గించమని దరఖాస్తు ఇచ్చాను. జూన్ నెలలో తగ్గింది. ఫిక్స్‌డ్ చార్జి 480 నుంచి 120కి దిగింది.

అంతటితో నా మనసు ఊరుకోలేదు. 2021 ఫిబ్రవరి నుంచి 2022 మార్చి వరకు పద్నాలుగు నెలలు, అవసరం లేని 6 కిలోవాట్లకు నెలకు 300 చొప్పున 4,200 రూపాయలు. ఏప్రిల్, మే నెలలకు 360 చొప్పున 720. మొత్తం 4,920 రూపాయలు ఆ అమ్మాయి నా బద్ధకానికి కట్టింది. ఆ మొత్తాన్ని అద్దెలో సర్దుబాటు చేసి, చీటీ వ్రాసి ఇచ్చాను. మా ఆవిడ "అడగకుండానే ఇస్తారా?" అన్నది. ఆఫీసులో అధికంగా కోసిన సొమ్మును ఉద్యోగి అడగకపోయినా తిరిగి ఇచ్చేవాళ్లం కదా అన్నాను. ఆ అమ్మాయి చీటీ రెండుసార్లు చదువుకొని, "బోరు మోటరు మాట మనసుల పెట్టుకోకండి సార్" అన్నది.

సభ్యులకు మనవి

మీ షట్టరు బిల్లు ఒకసారి తీసి చూడండి. అందులో ఒప్పంద లోడు ఎంతో, ఆర్.ఎం.డి. అని వేసే నమోదైన అత్యధిక డిమాండు ఎంతో ప్రక్కప్రక్కన పెట్టండి. లోడు చాలా ఎక్కువగా ఉంటే, ఒప్పందపు కనీస కాలం గడిచిందో లేదో తెలుసుకొని తగ్గింపుకు దరఖాస్తు ఇవ్వండి. నకలు, రసీదు దగ్గర పెట్టుకోండి. మరీ పిసినారితనంగా తగ్గించవద్దు. వేసవిలో ఆర్.ఎం.డి. ఒప్పందాన్ని దాటితే అదనపు లోడుకు చార్జీలు కట్టమని నోటీసు వస్తుంది.

దుకాణం పూర్తిగా మూసివేస్తే ఫ్యూజు పీకి ఊరుకోవద్దు. ఒప్పందం రద్దు చేయమని వ్రాతపూర్వకంగా కోరాలి. ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. 2023 మే నెలలో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు, నిబంధనలు ఉన్నచోట పాత యజమాని బకాయి తీర్చితేనే కొత్త యజమానికి కనెక్షన్ అనే షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అంటే ఈ రోజు మనం పట్టించుకోని బిల్లు, రేపు మన పిల్లలు ఆ షట్టరు అమ్మబోయినప్పుడు ఎదురు రావచ్చు. ఆస్తి పత్రాలతో పాటు కరెంటు కాగితాలు కూడా ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడున్నదో ఇంట్లో వారికి చెప్పి ఉంచండి.

మినిమమ్ చార్జి దోపిడీ అని నేను అనను. మన కోసం విస్తరి వేసి ఉంచినందుకు కట్టే సొమ్ము అది. అయితే ఎన్ని విస్తళ్లు కావాలో చెప్పవలసినది వంటవాడు కాదు, మనమే. ఆ మాట నోటితో చెప్తే చాలదు, కాగితం మీద పెట్టి రసీదు తీసుకోవాలి. అది మనకు కొత్త విద్య కాదు కదా, జీవితమంతా చేసినదే.